పేరు తెలియని ఉక్కు: రవ్వ చెప్పేదెంత, కొలిమి చెప్పేదెంత

ఒకే మందం, ఒకే పొడవు, ఒకే నల్లటి పైపొర ఉన్న రెండు ఉక్కు కడ్డీలు బల్ల మీద పక్కపక్కనే ఉన్నాయనుకుందాం. చూపుకు తేడా లేదు, తూకానికీ తేడా లేదు. రెండింటినీ ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే ఒకటి దాదాపు వెళ్లినట్టే తిరిగి వస్తుంది. ఆకురాయి పెడితే అరుగుతుంది, వంచితే వంగుతుంది. రెండోదాని మీద ఆకురాయి గాజు మీద జారినట్టు జారిపోతుంది. పొరపాటున గచ్చు మీద పడితే రెండు ముక్కలయ్యే ప్రమాదం కూడా ఉంది. మొదటిదానిలో కార్బన్ 0.15 శాతం, రెండోదానిలో 0.95 శాతం. కిలో ఉక్కులో ఎనిమిది గ్రాముల తేడా, అంతే.

ఉక్కు పనిలో తలెత్తే గందరగోళంలో పెద్ద వాటా ఈ ఎనిమిది గ్రాములదే. ఎంత వేడి చేయాలి, నీళ్లలో ముంచాలా నూనెలో ముంచాలా అన్న ప్రశ్నలకు జవాబు అది ఏ ఉక్కో తెలిశాకే ఉంటుంది. కానీ చేతికి దొరికే ఉక్కులో చాలా భాగానికి పేరే ఉండదు. పాత వాహనపు కమాను పట్టీ, విరిగిన డ్రిల్లు బిట్టు, అరిగిపోయిన ఆకురాయి, ఎక్కడినుంచో ఊడివచ్చిన ఇరుసు. వీటిని గుర్తుపట్టడానికి నిప్పురవ్వ, అయస్కాంతం, ఆకురాయి, ఆమ్లం, ఎక్స్‌రే యంత్రం అంటూ సాధనాలకు కొదవ లేదు. అయితే ఒక్కో సాధనం ఒక్కో ప్రశ్నకే జవాబిస్తుంది. అడగని ప్రశ్నకు కూడా జవాబు దొరికేసిందనుకున్నప్పుడే పని చెడుతుంది.

వేడి చేస్తే లోపల జరిగేది

మామూలు వేడిలో ఇనుప పరమాణువులు చిన్న చిన్న ఘనాకారపు గదులు పేర్చినట్టు ఉంటాయి. గది ఎనిమిది మూలల్లోనూ ఒక్కొక్కటి, నట్టనడుమ ఒకటి. ఈ అమరిక పేరు ఫెర్రైట్. ఇందులో కార్బన్ దూరడానికి చోటు లేదనే చెప్పాలి. 727 డిగ్రీల సెల్సియస్ దగ్గర కూడా 0.02 శాతం పడితే గొప్ప. వేడి పెరిగాక ఈ పేర్పు మారుతుంది. నడిమి పరమాణువు ఉండదు, బదులుగా గది ఆరు ముఖాల మధ్యలోనూ పరమాణువులు ఉంటాయి. ఇది ఆస్టెనైట్. ఇందులో కార్బన్‌కు దండిగా చోటుంటుంది. 1,148 డిగ్రీల దగ్గర రెండు శాతానికి పైగానే కరుగుతుంది. శుద్ధమైన ఇనుములో ఈ మార్పు 912 డిగ్రీల దగ్గర జరుగుతుంది. కార్బన్ కలిసే కొద్దీ ఆ హద్దు కిందికి దిగుతూ, కార్బన్ 0.8 శాతానికి చేరేసరికి 727 దగ్గరికి వస్తుంది.

ఇక చల్లారడం. నిదానంగా చల్లారితే కార్బన్‌కు బయటపడే వ్యవధి దొరుకుతుంది. అది ఇనుముతో కలిసి సిమెంటైట్ అనే గట్టి పదార్థంగా మారి, మెత్తని ఫెర్రైట్ పొరల మధ్య పొరలుగా సర్దుకుంటుంది. సూక్ష్మదర్శినిలో ముత్యపు చిప్పలా మెరుస్తుంది కనుక దీనికి పెర్లైట్ అని పేరు. గబుక్కున చల్లార్చితే ఆ వ్యవధి ఉండదు. ఇనుము పాత అమరికకు వెళ్లబోతుంది, లోపల ఇరుక్కున్న కార్బన్ వెళ్లనివ్వదు. గది ఒక పక్కకు సాగి అక్కడే బిగుసుకుపోతుంది. ఇదే మార్టెన్‌సైట్. జర్మనీకి చెందిన అడాల్ఫ్ మార్టెన్స్ పేరు దీనికి, బ్రిటన్‌కు చెందిన విలియం రాబర్ట్స్-ఆస్టెన్ పేరు ఆస్టెనైట్‌కు స్థిరపడ్డాయి. ఉక్కు గట్టిదనం ఆ బిగుతులోంచే వస్తుంది, పెళుసుదనం కూడా అక్కడినుంచే. గట్టిదనాన్ని అంకెల్లో చెప్పే రాక్‌వెల్ సి కొలతలో 65 దాకా వెళ్లేది ఈ స్థితిలోనే.

ఎంత గబుక్కున అన్నదానికి లెక్క ఉంది. అమెరికాలో డావెన్‌పోర్ట్, బెయిన్ అనే ఇద్దరు ఏ వేడి దగ్గర ఎంతసేపటికి మార్పు మొదలవుతుందో చూపిస్తూ 1930లో ప్రచురించిన పటాల ప్రకారం, 0.8 శాతం కార్బన్ ఉన్న సాదా ఉక్కు 540 డిగ్రీల పరిసరాల్లో ఒక్క సెకను కూడా ఆగదు, పెర్లైట్‌గా మారడం మొదలుపెట్టేస్తుంది. ఆ సెకను లోపలే ఆ వేడిని దాటించి కిందికి తేవాలి. క్రోమియం, మాంగనీస్, మాలిబ్డినం, నికెల్ లాంటివి కలిస్తే ఈ సెకను నిమిషాల్లోకి సాగుతుంది. కొన్ని ఉక్కులు గాలిలో ఊరికే ఆరబెట్టినా గట్టిపడటానికి కారణం ఇదే.

ఈ మార్పును కంటితో చూడవచ్చు కూడా. చీకటి గదిలో కార్బన్ ఎక్కువున్న సన్నని కడ్డీని నారింజ రంగు దాకా కాల్చి కొలిమి నుంచి బయటికి తీస్తే, అది క్రమంగా మసకబారుతూ వస్తుంది. ఒకచోట ఉన్నట్టుండి ఆగి, ఎవరో ఊదినట్టు మళ్లీ కాస్త వెలుగుతుంది. ఆస్టెనైట్ పెర్లైట్‌గా మారుతూ వదిలిన వేడి అది. కాల్చేటప్పుడు దీనికి తలకిందులుగా జరుగుతుంది. కడ్డీ మీద ఒక నీడ పాకుతున్నట్టు కనిపిస్తుంది, ఎందుకంటే మార్పు కోసం ఉక్కు వేడిని లోపలికి గుంజుకుంటుంది. ఈ నీడను ఒకసారి చూసినవారికి పటాలన్నీ ఇట్టే అర్థమవుతాయి.

రవ్వల భాష

తిరిగే గ్రైండింగ్ చక్రానికి ఉక్కును ఆనిస్తే చిన్న చిన్న ముక్కలు చెక్కుకుపోయి, రాపిడి వేడికి గాలిలోనే మండుతాయి. వాటిలో కార్బన్ ఉంటే అది కూడా మండి వాయువై లోపలినుంచి తన్నుతుంది. కరిగిన రేణువు పేలి చీలికలవుతుంది. రవ్వ చివర పూసే పువ్వు ఈ పేలుడే. దీపావళి కాకరపువ్వొత్తిలో కొమ్మలు కొమ్మలుగా చీలే రవ్వల వెనక ఉన్నది కూడా ఇనుప రజనులోని ఈ కార్బనే.

కార్బన్ తక్కువున్న మైల్డ్ స్టీలు రవ్వలు పొడవుగా, గడ్డి పరకల రంగులో, తిన్నగా దూసుకుపోతాయి. అక్కడక్కడ ఒక చీలిక కనిపిస్తుంది, అంతే. కార్బన్ 0.4 శాతం దాకా వస్తే చీలికలు ఎక్కువవుతాయి. 0.9 దాటితే గీతలు పొట్టివై, చక్రానికి దగ్గరలోనే గుబురుగా పేలతాయి. పోత ఇనుము రవ్వలు చక్రం దగ్గర ఎర్రగా మొదలై తొందరగా ఆరిపోతాయి. లోహాన్ని వేగంగా కోసే పనిముట్లకు వాడే హై స్పీడ్ స్టీలు రవ్వలు చూస్తే మాత్రం తెలియనివారు మోసపోతారు. ముదురు ఎరుపులో, సన్నగా, తెగిపోతున్న గీతలు, పువ్వులు దాదాపు సున్నా. అందులో కార్బన్ 0.8 శాతం పైగా ఉంటుంది. అయినా టంగ్‌స్టన్ ఆ పేలుళ్లను అణచివేస్తుంది. రవ్వను మాత్రమే చూసి దాన్ని కార్బన్ లేని నాసిరకం ఇనుమని పారేసినవారు ఉండే ఉంటారు.

మాలిబ్డినం ఉంటే గీత కొసన బాణపు ములుకు లాంటి ముక్క విడిగా మెరుస్తుందని పుస్తకాలు చెబుతాయి. ఉన్న మాటే. కానీ దాన్ని పట్టడానికి ఏళ్ల సాధన కావాలి. రవ్వ పరీక్షకు నిజమైన బలం పోలికలో ఉంది. పేరు కచ్చితంగా తెలిసిన మూడు నాలుగు ముక్కలు దగ్గర పెట్టుకుని, అదే చక్రం మీద, అదే ఒత్తిడితో, మసక వెలుతురులో ఒకదాని తర్వాత ఒకటి ఆనిస్తే తెలియని ముక్క ఎవరి పక్కన నిలబడుతుందో తెలుస్తుంది. 0.2 శాతానికీ 0.8 శాతానికీ మధ్య తేడాను ఈ పద్ధతి పట్టిస్తుంది. 0.6, 0.8 మధ్య తేడాను పట్టించదు. పట్టిస్తుందని ధీమాగా చెప్పేవారి మాట నమ్మకపోవడమే మేలు.

అయస్కాంతం, యంత్రం, అంకె

అయస్కాంతం చెప్పేది ఇంకా తక్కువ. అంటుకోకపోతే అది సాదా కార్బన్ ఉక్కు కాదని మాత్రం తేలుతుంది. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు మామూలు వేడిలో కూడా ఆస్టెనైట్‌గానే ఉంటుంది కాబట్టి అంటదు. గట్టిగా వంచినా లాగినా అందులో కొంత మార్టెన్‌సైట్‌గా మారి కాస్త అంటుతుంది. అందుకే ఒకే గిన్నె అంచు దగ్గర ఒక రకంగా, అడుగున ఇంకో రకంగా ప్రవర్తిస్తుంది. 430, 420 రకాలు కూడా స్టెయిన్‌లెస్సే, కానీ శుభ్రంగా అంటుకుంటాయి. కనుక 'అయస్కాంతం అంటితే స్టెయిన్‌లెస్ కాదు' అన్న ప్రచారం తప్పు. రాబర్ట్ హ్యాడ్‌ఫీల్డ్ 1882లో తయారుచేసిన ఉక్కులో 12 శాతం పైగా మాంగనీస్ ఉంటుంది. అదీ అంటదు. దాన్ని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే గట్టిపడటానికి బదులు మెత్తబడి సాగుతుంది. దాన్ని గట్టిపరిచేది దెబ్బలే.

ఈ రోజుల్లో చేతిలో పట్టుకుని గురిపెట్టే ఎక్స్‌రే ఫ్లోరసెన్స్ యంత్రాలు వచ్చాయి. రెండు మూడు సెకన్లలో క్రోమియం ఇంత, నికెల్ ఇంత అని తెర మీద చూపిస్తాయి. పాత ఇనుమును వేరుచేసే చోట వీటికి తిరుగులేదు. 316లో ఉండే రెండు మూడు శాతం మాలిబ్డినాన్ని చూసి దాన్ని 304 నుంచి చిటికెలో విడదీస్తాయి. అయితే ఈ యంత్రాలకు కార్బన్ కనిపించదు. తేలిక మూలకం వదిలే ఎక్స్‌రే బలహీనంగా ఉండి, కొలిచే భాగానికి చేరేలోపే గాలిలో ఇంకిపోతుంది. అంటే మొదట చెప్పిన రెండు కడ్డీలనూ ఇంత ఖరీదైన యంత్రం కూడా కచ్చితంగా విడదీయలేదు. రెండింటినీ ఇనుము, కొంచెం మాంగనీస్ అని చదివి ఊరుకుంటుంది. హీట్ ట్రీట్‌మెంట్‌కు, అంటే కాల్చి చల్లార్చి ఉక్కు గుణం మార్చే పనికి, అన్నిటికంటే ముఖ్యమైన మూలకమే దాని చూపుకు అందదు. కార్బన్ కావాలంటే విద్యుత్ మెరుపుతో ఉపరితలాన్ని కొంచెం ఆవిరిచేసి ఆ కాంతిని చదివే ఆప్టికల్ ఎమిషన్ యంత్రం దగ్గరికి వెళ్లాలి.

పేర్ల సంగతి కూడా ఒక చిక్కే. అమెరికన్ పద్ధతిలో 1045 అంటే చివరి రెండంకెలు కార్బన్‌ను చెబుతాయి, 0.45 శాతం అని. 1095 అంటే 0.95. బ్రిటిష్ పాత వరుసలో ఈఎన్8 లో సుమారు 0.4 శాతం కార్బన్, ఈఎన్31 లో ఒక శాతం కార్బన్, ఒకటిన్నర దాకా క్రోమియం ఉంటాయి. ఈ 8 కీ 31 కీ కార్బన్‌తో ఏ సంబంధమూ లేదు. ఇక వస్తువును చూసి ఉక్కును ఊహించడం, అంటే కమాను పట్టీ కాబట్టి 5160 రకం ఉక్కు, బాల్ బేరింగు కాబట్టి 52100 రకం ఉక్కు అనడం మంచి మొదటి అంచనా. అంతకుమించి కాదు. కమానులు సిలికాన్, మాంగనీస్ ఉక్కుతోనూ చేస్తారు. పెద్ద రోలర్ బేరింగుల్లో చాలావాటికి లోపల కార్బన్ తక్కువ, పైపొరకు మాత్రమే కార్బన్ పట్టిస్తారు. అలాంటిదాన్ని కొట్టి సాగదీసి ఉలి చేస్తే, మొదటి రెండు సానల్లోనే గట్టి పొర పోయి మెత్తని కడుపు బయటపడుతుంది.

ముక్కను కాల్చి, ముంచి, విరిచి చూడటం

ఇన్ని పరిమితుల మధ్య, తెలియని ఉక్కును అందరికంటే బాగా చదివేది కొలిమే. దానితో చేయబోయే పనినే ముందుగా ఒక చిన్న ముక్క మీద చేసి చూడాలి. అలా చేస్తే పేరు తెలియకపోవచ్చు. కానీ పనికి కావలసింది పేరు కాదు, ప్రవర్తన.

అదే కడ్డీ నుంచి వేలంత పొడవు, మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం ఉన్న ముక్కలు మూడు కోయాలి. మధ్యలో ఒక్కో గాటు పెట్టాలి. జింకు పూత ఉన్న వస్తువైతే కొలిమిలోకి వెళ్లకముందే ఆ పూత పోవాలి, దాని పొగ ఒంటికి పడదు. ముక్కను కాలుస్తూ మధ్యమధ్యలో అయస్కాంతం ఆనించి చూడాలి. 770 డిగ్రీల దగ్గర, కార్బన్ ఎక్కువుంటే ఇంకొంచెం ముందే, అది అయస్కాంతాన్ని వదిలేస్తుంది. రంగును నమ్ముకోవడం కన్నా ఇది నయం. మిట్టమధ్యాహ్నపు వెలుతురులో నల్లగా ఉన్నట్టే కనిపించే ఉక్కు చీకట్లో చక్కటి ఎరుపు చూపిస్తుంది. అయితే అయస్కాంతం వదిలేయడం గమ్యం కాదు, మైలురాయి. 0.8 శాతం ఉక్కుకు అక్కడినుంచి ఇంకో ముప్పై నలభై డిగ్రీలు చాలు. 0.4 శాతం ఉక్కుకు 840 దాకా వెళ్లాలి.

ఇప్పుడు ఒక ముక్క గాలిలో, ఒకటి వెచ్చని నూనెలో, ఒకటి నీళ్లలో. నూనె మంట అంటుకునే వస్తువు కాబట్టి మూత పక్కనే ఉండాలి. చల్లారాక మూడింటికీ ఆకురాయి పెట్టాలి. కొత్త ఆకురాయి గట్టిదనం రాక్‌వెల్ సి కొలతలో సుమారు 62 నుంచి 65 దాకా ఉంటుంది కనుక, అది జారితే ముక్క ఆ దరిదాపుల్లో ఉన్నట్టు. గాలిలో ఆరినదాని మీదే జారితే అది మిశ్రధాతువులు బాగా ఉన్న పనిముట్టు ఉక్కు. నూనెలోదాని మీద జారి గాలిలోదాని మీద కొరికితే మధ్యరకం. నీళ్లలోదే గట్టిపడితే సాదా కార్బన్ ఉక్కు. ఎందులోనూ గట్టిపడకపోతే కార్బన్ తక్కువని చాలామంది తేల్చేస్తారు. ఇక్కడ తొందర పనికిరాదు. హై స్పీడ్ స్టీలు కూడా ఈ వేడికి సరిగా స్పందించదు, దానికి 1,200 డిగ్రీలు కావాలి. ఫ్రెడరిక్ టేలర్, మాన్సెల్ వైట్ బెత్లెహెం స్టీల్‌లో ప్రయోగాలు చేసి 1900 నాటి పారిస్ ప్రదర్శనలో చూపించిన వింత ఇదే. ఉక్కు పాడైపోతుందని అందరూ ఆగిపోయే వేడిని దాటి, కరిగే హద్దు దాకా తీసుకెళ్లారు. ఆ పనిముట్టు మొన ఎర్రబారినా లోహాన్ని కోస్తూనే ఉంది.

ఆకురాయి చేసే మోసం ఒకటుంది. గాలిలో ఎక్కువసేపు కాలిన ఉక్కు పైపొరలోంచి కార్బన్ మండిపోతుంది. లోపల రాయిలా ఉన్నా పైన మెత్తగా ఉండి ఆకురాయి కొరుకుతుంది. అందుకే పైపొరను కాస్త అరగదీసి మళ్లీ పెట్టి చూడాలి.

తర్వాత విరవడం. కళ్లద్దాలు పెట్టుకుని, ముక్కను గుడ్డలో చుట్టి, వైస్‌లో బిగించి సుత్తితో కొట్టాలి. విరిగిన ముఖం దాచేదేమీ లేదు. సన్నని బూడిద రంగులో, మఖమలు గుడ్డలా మెరుపు లేకుండా ఉంటే వేడి సరిగ్గా సరిపోయింది. ఉప్పు పలుకుల్లా తళుకుమంటే వేడి మించిపోయి లోపలి రేణువులు పెరిగిపోయాయి. గట్టిదనంలో రెండూ ఒకటే చూపిస్తాయి, కానీ రెండోది చిన్న దెబ్బకే పోతుంది. పోయిన పనిని మళ్లీ తెచ్చుకోవచ్చు కూడా. రెండు మూడు సార్లు సరైన వేడికి తెచ్చి గాలిలో ఆరనిస్తే రేణువులు మళ్లీ సన్నబడతాయి. విరిగిన ముఖం మీద అంచుల వెంట సన్నగా, లోపల ముతకగా రెండు పొరలు కనిపిస్తే గట్టిదనం లోపలికి వెళ్లలేదని అర్థం.

ఈ చివరి మాట దగ్గర కాసేపు ఆగాలి. ఎంత గట్టిపడుతుందన్నది కార్బన్ తేల్చుతుంది. ఎంత లోతు దాకా గట్టిపడుతుందన్నది మిగతా మూలకాలు తేల్చుతాయి. ఈ రెండింటినీ ఒకటిగా కలిపేయడం చదువుకున్నవారు కూడా చేసే తప్పు. 1045, 4340 రెండింటిలోనూ కార్బన్ దాదాపు సమానమే, పైపొర గట్టిదనమూ ఇంచుమించు అంతే. మణికట్టు మందం కడ్డీలను తీసుకుంటే మాత్రం నికెల్, క్రోమియం, మాలిబ్డినం కలిసిన 4340 నూనెలోనే నట్టనడుమ దాకా గట్టిపడుతుంది. 1045 నీళ్లలో ముంచినా లోపల మెత్తగానే మిగులుతుంది. జోమినీ పరీక్ష కొలిచేది ఈ లోతునే. 25 మిల్లీమీటర్ల మందం, 100 మిల్లీమీటర్ల పొడవు ఉన్న కడ్డీని కాల్చి, ఒక్క కొసకే నీటిధార తగిలించి, కొస నుంచి దూరం జరిగే కొద్దీ గట్టిదనం ఎలా పడిపోతోందో చూస్తారు. మన చిన్న పరీక్ష ముక్కకున్న బలహీనత కూడా ఇక్కడే ఉంది. మూడు మిల్లీమీటర్ల ముక్క నూనెలో గట్టిపడిందని అదే ఉక్కుతో చేసిన మందపాటి సుత్తి కూడా గట్టిపడుతుందనుకోకూడదు. ముక్క మందం చేయబోయే వస్తువు మందానికి దగ్గరగా ఉంటేనే దాని సాక్ష్యం చెల్లుతుంది.

ముంచడం, తిరిగి వేడి చేయడం

ఎర్రటి ఉక్కు నీళ్లలోకి వెళ్లగానే చుట్టూ ఆవిరి దుప్పటి కప్పుకుంటుంది. ఆ దుప్పటి ఉన్నంతసేపూ చల్లారడం మందగిస్తుంది. సరిగ్గా వేగం కావలసిన క్షణాలవి. ముక్కను ఆడించడం, నీళ్లలో ఉప్పు కలపడం ఆ దుప్పటిని చింపడానికే. చింపడం అన్నిచోట్లా ఒకేలా జరగకపోతే వస్తువు వంకరపోతుంది. ఇంకోపక్క, మార్టెన్‌సైట్‌గా మారేటప్పుడు ఉక్కు ఘనపరిమాణం సుమారు నాలుగు శాతం పెరుగుతుంది. ముందు బయటి పొర గట్టిపడి, తర్వాత లోపలిది ఉబ్బడం మొదలుపెడితే పొర పగులుతుంది. తొట్టిలోంచి వినిపించే చిన్న 'టింగ్' శబ్దం అదే. ఆ శబ్దం విన్న వస్తువును ఏం చేసినా తిరిగి బాగుచేయలేం. సరిపడా వేగం చాలు, మించిన వేగం దండగ. నూనెలో గట్టిపడే ఉక్కును నీళ్లలో ముంచేవారు కొని తెచ్చుకునే నష్టం ఇది.

ముంచిన ఉక్కును అలాగే వదలకూడదు. చేతికి వెచ్చగా తగులుతుండగానే టెంపరింగ్‌కు వెళ్లాలి. మళ్లీ కొద్దిపాటి వేడితో బిగుతును కొంత సడలించి, గట్టిదనంలో కాస్త వదులుకుని దెబ్బకు ఓర్చే గుణం సంపాదించడం దీని పని. పైభాగాన్ని మెరిసేలా రుద్ది వేడిచేస్తే రంగులు నడుస్తాయి. 220 డిగ్రీల దగ్గర లేత గడ్డి రంగు, 255 దగ్గర గోధుమ రంగు, 280 దగ్గర ఊదా, 300 దగ్గర నీలం. కత్తికి గడ్డి రంగు, ఉలికి ఊదా, స్ప్రింగుకు నీలం అని పాత లెక్క. ఈ రంగులు ఉపరితలం మీద పెరిగే పలుచని ఆక్సైడ్ పొర మందాన్ని బట్టి వస్తాయి. అదే వేడిలో ఎక్కువసేపు ఉంచినా రంగు ముదురుతుంది. క్రోమియం ఎక్కువున్న ఉక్కు మీద అదే రంగు ఇంకా పైవేడిలో గానీ రాదు. కాబట్టి పేరు తెలియని ఉక్కు మీద రంగును చూసి డిగ్రీలు చెప్పడం సాహసమే. థర్మామీటరు ఉన్న చిన్న పొయ్యిలో రెండు గంటలు ఉంచడం ఇంతకంటే నిక్కచ్చి పని.

ఆ రంగులకు ఉక్కు గట్టిపడిందా లేదా అన్నదానితో నిమిత్తం లేదు. మొదటి పేరాలోని రెండు కడ్డీలనూ మెరిసేలా రుద్ది 300 డిగ్రీలకు తెస్తే, 0.15 శాతందాని మీద కూడా 0.95 శాతందాని మీద వచ్చిన నీలమే వస్తుంది. ఒక్క ఛాయ తేడా ఉండదు. ఆకురాయి తీసుకుని రెండింటి మీదా ఒక్కో గీత గీస్తే, మొదటిదాన్ని సులువుగా అరగదీస్తుంది. రెండోదాన్ని అరగదీయడానికి మాత్రం చేతి బరువంతా వేయాల్సి వస్తుంది.